రాధ పేరు పెట్టి చెప్పిన సంగతి

ఆవపల్లి,
28 జూన్ 2024

అత్తా,

బాగున్నావా? మామయ్య మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఇక్కడి టవరు నాలుగు చినుకులు పడితే చాలు, మూగబోతుంది. అది పలికిన రోజున ఫోన్ చేస్తే మామయ్య స్పీకరు పెట్టి, కిరండూల్ రైల్వే క్వార్టర్లన్నిటికీ నా గొంతు వినిపిస్తాడు. ఆడవాళ్ళం నాలుగు మాటలు చెప్పుకోవాలంటే మనకు కాగితమే దిక్కు. బీజాపూర్ బస్సు కండక్టరు కమలేష్ మంచివాడు. ఉత్తరాలు అటూ ఇటూ చేరుస్తానన్నాడు.

మా ఆడపిల్లల హాస్టలు తెరిచారు. సెలవుల్లో తునికాకు కోసి వచ్చిన పిల్లల వేళ్ళు ఇంకా నల్లగానే ఉన్నాయి. చిన్నపిల్లలు రాత్రిళ్ళు ఇంటిమీద బెంగతో ఏడుస్తారు. వాళ్ళను ఊరుకోబెట్టేది నేను కాదు, మా వంటమనిషి మాసే. దోర్ల తెగ మనిషి. తెలుగు బాగా మాట్లాడుతుంది, కాకపోతే భద్రాచలం వైపు యాస. నాకు ఇక్కడ తెలుగులో కబుర్లు చెప్పేది ఆమె ఒక్కతే. ఒకటే చెడ్డ అలవాటు. బియ్యం చెరుగుతూ గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకుని కరకర నములుతూనే ఉంటుంది. వద్దంటే నవ్వుతుంది.

మొన్న బ్లాకు ఆస్పత్రి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి పెద్దపిల్లలతో నెలసరి గురించి మాట్లాడారు. ఆవిడ హిందీ, సగం మందికి అర్థం కాదు. దోర్ల పిల్లలకు తెలుగు తెలుసు కనుక నన్ను తెలుగులో చెప్పమన్నారు. నేను "అది వచ్చినప్పుడు", "ఇది ఆగితే" అంటూ నసుగుతున్నాను. వంటింటి గుమ్మంలోంచి మాసే అరిచింది: "ఏంది మేడం, అది ఇది అంటే పోరగాళ్ళకేం తెలుస్తది? ముట్టు అని చెప్పు!" పిల్లలందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వుతో వాళ్ళ బిడియమూ పోయింది, నాదీ పోయింది.

డాక్టరమ్మ చెప్పినవి నాకే కొత్త. తిండి చాలక బక్కచిక్కినా నెలసరి ఆగిపోవచ్చట. గొంతులోని థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోయినా లెక్క తప్పుతుందట. మరీ ఎక్కువగా పోతుంటే ఒంట్లో రక్తమే తగ్గిపోతుందట. "నాడి చూసినట్టు దీన్నీ చూడాలి. మారితే ఎందుకు మారిందని అడగాలి. సిగ్గుపడి దాచుకుంటే ఒళ్ళు చెప్పే మాట వినకుండా పోతాం" అన్నారు. నువ్వుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

మామయ్యకు ఈ ఉత్తరం చూపించకు.

నీ సంతోషి


కిరండూల్,
9 జూలై 2024

అమ్మాయి సంతోషికి,

దేవుడి దయవల్ల ఇక్కడ మేమిద్దరం కులాసా. నీ ఉత్తరం రెండుసార్లు చదివి నవ్వాను. మీ మామయ్య "ఏటే, ఏటి రాసింది?" అని వెనకాలే తిరిగితే, "ఆడోళ్ళ యవ్వారం, నీకెందుకు" అన్నాను. అలిగి డ్యూటీకి పోయాడు.

వానలు మొదలయ్యాయి. ఇనుప గనుల కొండ మీంచి ఎర్రనీళ్ళు గుమ్మం దాకా వస్తున్నాయి. ఉతికిన తెల్లచీర ఆరేసరికి గనిలో తవ్వి తీసినట్టు ఉంటోంది. పెరట్లో బీరపాదు ఎక్కింది. చర్చి పైకప్పు ఇంకా కారుతూనే ఉంది. పాస్టరుగారి మీద చుక్కలు పడుతున్నా ఆయన ప్రసంగం మాత్రం ఆపడు.

మీ మాసే నాకు భలే నచ్చింది. పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని మా అమ్మ తిట్టేది. మాసేకు పెళ్ళయిందా? అయితే ఇక భయం లేదులే, తిననీ.

అన్నట్టు ఒక సంగతి. ఆ డాక్టరమ్మ మళ్ళీ వస్తే ఊరికే అడుగు. మన పక్క క్వార్టరు రాధకు ఆగిపోయి నాలుగేళ్ళయింది. ఈమధ్య మళ్ళీ కొంచెం కొంచెం కనిపిస్తోందట. నొప్పీ గిప్పీ లేదు. నాకొక్కదానికే చెప్పింది. వయసు వెనక్కి తిరుగుతోందేమో అని నవ్వుకున్నాం. తొందరేం లేదు, గుర్తుంటేనే అడుగు.

ఆవకాయ జాడీ కమలేష్‌తో పంపుతున్నాను. మూత గట్టిగా బిగించు, చీమలు.

దీవెనలతో
గ్రేసీ అత్త


ఆవపల్లి,
21 జూలై 2024

అత్తా,

ఆవకాయ చేరింది. మాసే వేలితో తీసి రుచి చూసి, "మీ అత్త చెయ్యి మంచిగున్నది" అంది. నీ ఉత్తరాలు వస్తే తనకూ చదివి వినిపించమంటుంది. పాస్టరుగారి మీద వాన పడటం విని పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇక అసలు విషయం. సంతరోజున డాక్టరమ్మ కనిపిస్తే రాధక్క సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. చేతిలో కూరల సంచీ కింద పెట్టేసి మరీ చెప్పారు. నెలసరి ఒకసారి పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటాక, ఎప్పుడైనా సరే, మళ్ళీ ఒక్క మరక కనిపించినా డాక్టరుకు చూపించి తీరాలట. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదట. చాలామందికి అది చిన్న కారణమే అయి ఉంటుంది, లోపలి పొర పలచబడటమో, చిన్న కండ పెరగటమో. కానీ కొందరికి గర్భసంచి లోపల క్యాన్సరుకు అదే మొదటి గుర్తు. ఆ గుర్తు పట్టుకుని వెంటనే వచ్చినవాళ్ళు ఎక్కువమంది ఆపరేషనుతో బాగుపడతారట. "మీ పక్కింటావిడ అదృష్టవంతురాలు, ఆమె ఒళ్ళు ముందే చెబుతోంది. వినమను" అన్నారు.

అత్తా, రాధక్క ఎప్పుడూ ఇంతే. పంటి నొప్పి వస్తే దవడ వాచేదాకా లవంగం పెట్టుకు కూర్చునే మనిషి. నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళు. నీ మాట కాదనదు. ఈ ఉత్తరానికి జవాబు రాసేలోపు చూపించి ఉండాలి.

సంతోషి


కిరండూల్,
2 ఆగస్టు 2024

సంతోషికి,

నువ్వలా కంగారుపడి రాస్తే ఎలాగమ్మా? రాధకు తగ్గిపోయింది. మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన చేసుకుంది, ఆగింది. మళ్ళీ మొన్న కొంచెం కనిపించిందనుకో, అది వేడి చేసి. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగుతోంది. ఆస్పత్రికి రానంటే నేనేం చేసేది? ఆమె మొగుడికి సెలవు దొరకదు. వానలకు బండి ఎక్కడ ఆగుతుందో తెలీదు.

నీ ఆరోగ్యం చూసుకో. పిల్లల మధ్యపడి తిండి మానేయకు. బీరకాయలు విరగకాస్తున్నాయి, పంపుదామంటే దారిలోనే ముదిరిపోతాయి.

అత్త


ఆవపల్లి,
12 ఆగస్టు 2024

అత్తా,

నాకు కోపం వచ్చింది. నీ మీద కాదు, రాధక్క మీద. సబ్జా గింజలతో తీరేదైతే డాక్టరమ్మ సంచీ కింద పెట్టి చెబుతుందా? మొగుడికి సెలవు లేకపోతే నువ్వు లేవా? ఎల్లుండి మీటింగుకు బీజాపూర్ వెళ్తున్నాను. అక్కడ సిగ్నలు బాగుంటుంది. రాధక్కకు నేనే ఫోన్ చేసి చెబుతాను. తిట్టినా సరే, పడతాను.

ఉత్తరం ముగిస్తుంటే మాసే అడుగుతోంది: "ఆ రాధమ్మ హిందువులు గదా మేడం, ఉపవాస ప్రార్థన ఏంది?" నేనంత ఆలోచించలేదు. నీ సావాసంతో ఆమె కూడా చర్చికి వస్తోందా?

సంతోషి


కిరండూల్,
18 ఆగస్టు 2024

సంతోషీ,

ఎంత పని చేశావే! నిన్ను తిట్టాలో నవ్వాలో నాకే తెలియడం లేదు.

గురువారం పొద్దున్న పప్పు పొయ్యి మీద పెట్టాను. రాధ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు. "ఏటే గ్రేసమ్మా! నాకు ముట్లు ఆగిపోనాయని ఆవపల్లి దాకా సెప్పీసినావా? నాకు నలబైమూడేళ్ళే! నిన్న గాక మొన్ననే తలకి పోసుకున్నాను! మా ఆయన పక్కనుండగా ఫోను సేసి, అక్కా, కాన్సరు కావొచ్చంతాదా నీ మేనకోడలు? ఆ మనిషి అన్నం మానీసి కూకున్నాడు!"

నేను గరిటె పట్టుకుని అలాగే నిలుచున్నాను. రాధ నా మొహం చూసింది. చూస్తూ చూస్తూ గొంతు దించింది. "ఊరుకే పుట్టదు గదే ఈ కత. ఎవులికే? ... నీకా?"

అవునే తల్లీ. నాకే. రాధకు కాదు.

ముందే నీకు ఎందుకు చెప్పలేదో రాస్తాను. మీ అమ్మకు ఇలాగే అయింది. నువ్వప్పుడు ఏడో తరగతి. నెలల తరబడి పోతుంటే ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి డాక్టర్లు చేతులెత్తేశారు. నా పేరు పెట్టి రాస్తే నీకు ఆ రోజులన్నీ కళ్ళముందు తిరుగుతాయని భయపడ్డాను. రాధ పేరు నోటికొచ్చింది, రాసేశాను. నీ జవాబు చూశాక మరీ భయమేసింది. భయమేసి సబ్జా గింజలు తాగాను. ఇంతకన్నా తెలివైన పని నాకు తోచలేదు.

రాధ పొయ్యి కట్టేసింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి, నా జుట్టు దువ్వింది. "నా పేరు నీ జబ్బుకి పెట్టీసినావు. ఇకనుంచి అది నా జబ్బే. పద, సోమవారమే బండెక్కుదాం" అంది.

మీ మామయ్యకు ఆమే చెప్పింది. సగం మాటల్లో కాదు, ముట్టు అనే మాట పెట్టి చెప్పింది. ఆయన అరుగు మీంచి లేచి లోపలికి వచ్చి, "రోజూ రైలు పట్టా ఎంబడి నడుత్తాను. సుత్తితో కొట్టి, సప్పుడు మారితే పగులుందని సెప్పీవోడిని. ఇంట్లో మనిషిని ఎప్పుడైనా ఎలాగున్నావని అడిగినానా?" అని కళ్ళు తుడుచుకున్నాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన ఏడవడం చూడటం అదే మొదలు.

రేపు ముగ్గురం విశాఖపట్నం బండి ఎక్కుతున్నాం. నువ్వు రాకు. పిల్లల్ని వదలకు. ప్రార్థన చెయ్యి.

గ్రేసీ


ఆవపల్లి,
25 ఆగస్టు 2024

అత్తా,

ఈ ఉత్తరం నీకు విశాఖలోనే అందాలని, మీరు దిగిన రాధక్క చెల్లెలి ఇంటి చిరునామాకు పంపుతున్నాను.

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. మాసే వచ్చి పక్కన కూర్చుంది. తనకు చదవమంది. చదివాను. విని ఏమీ అనలేదు, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఊరుకుంది. ఎప్పుడూ గలగలలాడే మనిషి అలా ఉండటం నాకు వింతగా అనిపించింది. నీ కోసం బాధపడుతోందనుకున్నాను.

అమ్మ పోయాక నేను పెద్దమనిషినయిన రోజు నీకు గుర్తుందా? స్కూల్లో బల్ల మీద నుంచి లేవలేక కూర్చుంటే ఎవరో కబురు చెప్పారు. నువ్వు పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చావు. అందరి ముందూ నీ శాలువా నా నడుముకు చుట్టి, తల ఎత్తుకుని నడవమన్నావు. "ఇది దాచుకునే తప్పు కాదు, సంతోషీ. మీ అమ్మ దాచుకుంది" అన్నావు. ఆ రోజు నన్ను తల ఎత్తి నడిపించినదానివి, నీ వంతు వచ్చేసరికి రాధక్క వెనక దాక్కున్నావు. నా కోసం దాక్కున్నావని తెలిశాక కోప్పడటానికి కూడా నాకు మనసు రావడం లేదు.

నేను చిన్నపిల్లను కాను అత్తా. అమ్మకు నేనేమీ చేయలేకపోయాను. నీకైనా చేయనీ. ఏం తేలినా నాకు ముందు చెప్పు, నీ పేరు పెట్టి చెప్పు.

రాధక్కకు నా దణ్ణాలు. వాళ్ళాయన చక్రధరరావు బావ అన్నం తింటున్నాడా?

నీ సంతోషి


విశాఖపట్నం,
6 అక్టోబరు 2024

సంతోషికి, నీ అత్త గ్రేసీ తన పేరు మీద తనే రాసుకుంటున్న ఉత్తరం.

ఆపరేషను అయింది. నేను బతికే ఉన్నాను. గర్భసంచి తీసేశారు. క్యాన్సరే అమ్మా. కానీ లోపలి పొరలోనే ఉంది, పక్కకు పాకలేదు. మందులు ఎక్కించడం, రేడియేషన్ కరెంటు పెట్టడం ఏమీ అక్కర్లేదు, వరసగా వచ్చి చూపించుకుంటూ ఉంటే చాలన్నారు. ఇంకో ఏడాది సబ్జా గింజలు తాగి ఉంటే ఏమయ్యేదని అడిగాను. డాక్టరు నవ్వి, "ఆ మాట ఇప్పుడెందుకమ్మా, వచ్చేశారుగా" అన్నారు.

ఫోన్లో ఇదంతా నీకు చెప్పాను, తెలుసు. అయినా రాయాలనిపించింది. ఫోన్లో మామయ్య ఏడ్పే నీకు ఎక్కువ వినబడి ఉంటుంది.

రాధ గురించి చెప్పాలి. సొంత చెల్లెలు కూడా ఇలా చేయదు. వార్డులో నా మంచం పక్కన చాప పరుచుకుంది. నేను ప్రార్థన చేసుకుంటే తను సింహాద్రి అప్పన్నకు మొక్కేది. ఎవరైనా "ఏం జబ్బు?" అని గొణిగితే గట్టిగా చెప్పేది: "ముట్లు ఆగిపోనాక మళ్ళీ కనిపించింది. వెంటనే వచ్చీసినాం. మీరూ దాచుకోకండి." రెండో రోజుకల్లా వార్డంతా మా మంచం చుట్టూ చేరింది. ఒకామె తన కోడలికి ఆరు నెలలుగా రావడం లేదని, పెళ్ళికి ముందు నుంచీ అంతేనని చెప్పింది. ఇంకొకామె ఏళ్ళ తరబడి నెలకు సగం రోజులు పోతోందంది. ఒక్కో ఆడదాని కడుపులో ఎన్ని మాటలున్నాయే తల్లీ! అడిగేవాళ్ళు లేక.

ఆ రెండోయామె మంచం నా పక్కనే. గర్భసంచిలో గడ్డలట. గోళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. దిండు కింద మూట దాచుకుని ఏదో నములుతోంది. ఏమిటని చూస్తే పచ్చి బియ్యం! నర్సు తిట్టింది. ఒంట్లో రక్తం తగ్గిపోయినవాళ్ళకు బియ్యం, మట్టి, సుద్ద తినాలనిపిస్తుందట.

సంతోషీ, మీ మాసే బియ్యం నములుతుందని రాశావు. పెళ్ళిలో వాన పడుతుందని నేను పరాచికాలాడాను. దాని గోళ్ళు చూడు. కింది కనురెప్ప లాగి చూడు. మెట్లెక్కితే ఆయాసపడుతోందేమో చూడు. అన్నిటికన్నా ముందు, ముట్టు ఎలా వస్తోందో అడుగు. అది, ఇది అనకు. మాసే నీకు నేర్పిన మాటే దానికి చెప్పు.

గ్రేసీ అత్త


ఆవపల్లి,
3 నవంబరు 2024

అత్తా,

నువ్వు మంచం మీద పడుకుని ఇంత దూరంలో ఉన్న మనిషి గోళ్ళు చూశావు. నేను రోజూ ఆమె చేతి అన్నం తింటూ చూడలేదు.

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. బియ్యం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపేసింది. చేతులు చెంగు కింద పెట్టుకుంది. నేను ఆ చేతులు బయటికి తీశాను. గోళ్ళు తెల్లగా, మధ్యలో గుంటపడి ఉన్నాయి.

"మాసే, ముట్టు ఎట్ల వస్తున్నది?" అన్నాను.

"వస్తలేదు మేడం. పోతనే ఉన్నది" అంది.

ఎప్పటి నుంచని అడిగితే, చిన్న కొడుకు పుట్టిన తర్వాత నుంచట. ఆ పిల్లాడు ఇప్పుడు గేదెలు కాస్తున్నాడు. గడ్డలు గడ్డలుగా పడుతుందట. బట్టలు చీకట్లోనే వాగులో ఉతుక్కుని వస్తుందట. నీళ్ళ బిందెతో గట్టు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగి కూర్చుంటే, ఎండకు అలిసిందని నేననుకున్నాను. నీ సంగతి విన్న రోజు ఆమె ఎందుకు మూగబోయిందో ఇప్పుడు తెలిసింది.

"ఎందుకు చెప్పలేదు? పిల్లలకు ముట్టు అని చెప్పమని నాకు నేర్పింది నువ్వే కదా!" అన్నాను.

"పోరగాళ్ళకు చెప్పుడు వేరు మేడం. మా ఊర్ల ముట్టయినోళ్ళు పొయ్యి ముట్టొద్దు, వేరే గుడిసెల ఉండాలె. మరి నాకు నెలల ఎన్ని దినాలు మిగులుతయి? నేను గుడిసెల కూసుంటే పిల్లలకు బువ్వెవరు పెడ్తరు? అందుకే ఎవ్వలికి చెప్పలె. పాపమైతే నాకే అయితదనుకున్న."

అత్తా, ఇన్నేళ్ళుగా ఒంట్లో రక్తం కారిపోతూ, పొద్దున్నే లేచి, ఇందరు పిల్లలకు వేళ తప్పకుండా అన్నం వండింది. ఒక్క పూట అన్నం మాడలేదు. దేవుడు ఆమెకు ఏ పాపం రాసి ఉంటాడు?

ఇక్కడి ఆస్పత్రిలో రక్తం చూశారు. ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. కడుపులో గడ్డలు చేతికే తగులుతున్నాయట. జగ్దల్‌పూర్ పెద్దాస్పత్రికి వెళ్ళాలి, రక్తం ఎక్కించి తర్వాత ఆపరేషను చేస్తారు. మాసే ఒప్పుకోవడం లేదు. అక్కడందరూ హిందీలో, హల్బీలో మాట్లాడతారు, తన మాట ఎవరికీ తెలీదు, చచ్చిపోతే దారి కూడా తెలీని ఊరు అంటుంది. మొగుడు దేవా వస్తానన్నాడు, కానీ అతనూ బీజాపూర్ దాటి ఎరగడు. నేను వెళ్దామంటే బదులు వార్డెన్ దొరకడం లేదు, పరీక్షలు దగ్గర పడ్డాయి.

నిన్న రాత్రి వంటయ్యాక ఆమె ఒక మాట అంది. రాయనా వద్దా అని ఆలోచించాను. "మీ అత్త వస్తే పోత. ఆమెకు గూడ కడుపు కోసిండ్రు గదా. ఆమె పక్కనుంటే నాకు భయం కాదు."

నువ్వు రావాలని కాదు. నీకే ఇంకా కుట్లు ఆరలేదు. నీ ఉత్తరాలు వినీ వినీ నిన్ను సొంత మనిషిని చేసుకుందని చెప్పడానికే రాశాను.

సంతోషి


కిరండూల్,
14 నవంబరు 2024

సంతోషీ,

నువ్వు రావాలని కాదు అంటావేమే? పిలవని పెళ్ళికైతే మానేస్తాను గానీ, పిలిచిన ఆస్పత్రికి మానేస్తానా?

కుట్లు ఆరిపోయాయి. బరువులు ఎత్తొద్దన్నారు, అంతే. పక్కన కూర్చోవద్దని ఏ డాక్టరూ చెప్పలేదు. ఎత్తాల్సినవి ఎత్తడానికి రాధ వస్తోంది. "మొదట నీ జబ్బుకి నా పేరు, ఇప్పుడు ఆవపల్లి మనిషికి నా చేతులు" అని సణుగుతూనే ఇస్త్రీ చీరలు సర్దుకుంది.

మొన్న ఆదివారం చర్చిలో ఆడవాళ్ళ కూటంలో సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు నన్ను జబ్బు నుంచి లేపాడని చెప్పి కూర్చుందామనుకున్నాను. లేచాక నాకు మాసే గుర్తొచ్చింది. వాగులో చీకట్లో బట్టలు ఉతుక్కోవడం గుర్తొచ్చింది. జబ్బు ఏమిటో, ఎలా తెలిసిందో, ఎందుకు దాచానో మొత్తం చెప్పేశాను. నా పరువు పోయిందనుకున్నాను. కూటం అయ్యాక నేను చెప్పులు వేసుకుంటుంటే, ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. చీకటి పడేదాకా వదల్లేదు.

జగ్దల్‌పూర్‌లో రక్తం ఇచ్చేవాళ్ళు కావాలంటారేమో అని మీ మామయ్య కూడా బయలుదేరాడు. డాక్టరు నీ వయసుకు పనికిరాదంటే ఏం చేస్తావన్నాను. "మా పట్టా పని కుర్ర గేంగు మేన్లని ఇద్దర్ని ఎంటేసుకెల్తాను" అన్నాడు. వాళ్ళకు ఏమని చెప్పి ఒప్పించాడో అడిగితే, "ఉన్నదే సెప్పినాను. ఓ ఆడమనిసికి ముట్టు ఎక్కువై రగతం పోయింది, ఇస్తారా ఇవ్వరా అన్నాను" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడానికి నేను ఇన్నాళ్ళు బతకాల్సి వచ్చింది!

మాసేను దేవాతో సోమవారం బస్సెక్కించు. జగ్దల్‌పూర్ బస్టాండులో మేమే ఉంటాం. నన్నెలా గుర్తుపడుతుందంటే, పక్కనే గట్టిగా అరుస్తూ ఒకామె ఉంటుంది, ఆమె రాధ అని చెప్పు.

అత్త


జగ్దల్‌పూర్,
5 డిసెంబరు 2024

సంతోషీ,

మీ టవరు మళ్ళీ పడిపోయినట్టుంది, పొద్దుట్నుంచీ ఫోను కలవడం లేదు. ఈ కాగితం బస్సులో కమలేష్‌కు ఇస్తున్నాను. అందిన వెంటనే జవాబు రాసి అతని చేతికే ఇవ్వు.

నిన్న ఆపరేషను అయింది. మాసే బాగుంది. తీసిన గడ్డలు దేవాకు చూపించారు, రాధ అతనికి మంచినీళ్ళు తాగించింది.

ముందంతా రక్తం ఎక్కించడానికే సరిపోయింది. గేంగు మేన్లు ఇద్దరూ ఇచ్చారు. మామయ్యది వద్దన్నారు, చిన్నబుచ్చుకున్నాడు. రెండో సీసా ఎక్కాక మాసే పెదాల రంగు మారింది. "అక్కా, నా చెవుల్ల హోరు ఆగిపోయింది" అంది. ఇన్నేళ్ళూ చెవుల్లో వాగు పారుతున్నట్టే ఉండేదట. అందరికీ అలాగే ఉంటుందనుకుందట.

డాక్టరు హిందీలో అడిగితే నేను తెలుగులో చెప్పాను, ఆమె చెప్పింది నేను హిందీలో అప్పజెప్పాను. ఎప్పటి నుంచి, ఎంత పోతోంది, గడ్డలు పడుతున్నాయా అని అన్నీ అడిగారు. చుట్టూ కుర్ర డాక్టర్లు మగవాళ్ళు నిలబడ్డారు. నేనే కాస్త గొంతు తగ్గించాను. మాసే మాత్రం తగ్గించలేదు. అడిగినదానికల్లా గట్టిగా, తిన్నగా జవాబు చెప్పింది. పెద్ద డాక్టరమ్మ ఆ కుర్రాళ్ళతో, ఇంత బాగా తన జబ్బు చెప్పే మనిషి వారానికొక్కరు వచ్చినా మా పని సగం తగ్గుతుందంది. ఆ మాట మాసేకు చెప్పాను. సిగ్గుపడి మొహం గోడవైపు తిప్పుకుంది.

ఎన్నో ఉత్తరాల్లో విన్న మనిషిని చూస్తే తక్కువగా కనిపిస్తుందేమో అని భయపడ్డాను. నువ్వు రాసింది తక్కువే.

నిన్న సాయంత్రం మత్తు వదిలింది. కళ్ళు తెరిచి నన్ను చూసింది, దేవాను చూసింది. నొప్పిగా ఉందా అని అడిగాను. తల అడ్డంగా ఊపి, పెదాలు తడుపుకుని ఏదో అంది. వంగి చెవి పెట్టి విన్నాను.

"పొద్దు గూకింది గదా అక్కా. పిల్లలు బువ్వ తిన్నరా?"

ఏమని చెప్పమంటావు? కమలేష్ బండి తిరిగి వచ్చేలోపు రాయి.

గ్రేసీ